పద్దెనిమిది దగ్గరే ఆగిన పెట్టె

ఫిబ్రవరి 19

బట్టలు రెండుసార్లు ఉతికాను. వాసన పోలేదు. మిర్చి ఘాటు ఒక్కటే అయితే గుంటూరులో పుట్టినదాన్ని, పట్టించుకోను. దాని కింద ఇంకో వాసన ఉంది. కడగని పాయిఖానా తలుపు తీసినట్టు. అమోనియా.

పొద్దున్న మా కంపెనీ నడిపే చైతన్యకృష్ణ గారూ నేనూ బైపాస్ మీది మిర్చి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాం. శనివారం అక్కడ గ్యాసు లీకైంది. మూడో ఛాంబర్లో చిరిగిన గోతాలు కుడుతున్న రెబ్కా అనే ఆవిడకి రెండు కళ్ళూ కాలాయి. ఇంకో నలుగురు దగ్గుకుంటూ బయటపడ్డారు. గ్యాసు ఎంత ఉందో కొలిచి, పాతిక దాటితే సైరన్ మోగించాల్సిన పెట్టె మాది. చైతన్య గారూ నేనూ కలిసి తయారుచేసింది. అది మోగలేదు.

మేనేజరు వీరాంజనేయులు మమ్మల్ని కూర్చోబెట్టి బజ్జీలు తెప్పించాడు. ఛాంబరు తలుపు దగ్గర ఒక ఆడచెప్పు ఇంకా అలాగే పడుంది. ఆయన దాన్ని దాటుకుంటూ వచ్చి, నూనె చేతులు గోతానికి తుడుచుకుని, "మీ పెట్టె మంచిదేనండీ, మనిషే మంచోడు కాదు" అన్నాడు. మనిషంటే అంకయ్య, మెషిన్ రూములో ఆపరేటరు. కంప్రెసరు నూనె తీసే వాల్వు తెరిచి వదిలేశాడని ఈయన చెబుతున్న కథ. పోలీసులు అదే రోజు తీసుకెళ్ళారట. చైతన్య గారు బజ్జీలు తిన్నారు. నేను తినలేదు. అందులో గొప్పేం లేదు, ఆ నూనె వాసన పడలేదు, అంతే.

పెట్టెలోంచి లాగ్ తీసుకున్నాం. పది సెకన్లకొక రీడింగు. పదకొండు ఇరవై నుంచి, ఎవరో మెయిన్ కట్టేసిన పదకొండు నలభై రెండు దాకా, అన్నీ పద్దెనిమిదే. పాతికలోపే కాబట్టి సైరన్ మోగక్కర్లేదు. చైతన్య గారి ముఖం వెలిగిపోయింది. లీకైతే గ్యాసు ముందునుంచీ కనబడాలి, చివరిదాకా పద్దెనిమిదే ఉందంటే చివరి నిమిషంలో ఎవడో వాల్వు తిప్పినట్టేనని వీరాంజనేయులుకి వివరించారు. ఇద్దరూ తలలు ఊపుకున్నారు.

నూట ముప్పై రెండు రీడింగులు. ఒక్కటి కూడా పదిహేడు లేదు, పంతొమ్మిది లేదు. స్థిరమైన సెన్సరు. మంచిదే కొన్నాం.

ఫిబ్రవరి 20

రోజంతా పరీక్షించాను. ఆ పెట్టెలో ఉండేలాంటి బోర్డు ఆఫీసులో ఇంకొకటి ఉంది, దానికి నా లాప్‌టాప్ తగిలించి, ప్రోగ్రాముని డీబగ్గర్ కింద పెట్టి, శనివారం లాగ్‌ని మొదటినుంచి చివరిదాకా మళ్ళీ నడిపాను. పద్దెనిమిది పంపిస్తే పద్దెనిమిది చూపించింది. డీబగ్గర్ ఎక్కడా ఆగలేదు, ఒక్క ముక్క కూడా అనలేదు. ప్రోగ్రాము ఎక్కడ తప్పటడుగు వేసినా పట్టుకుని ఆపడమే దాని పని. ఆగలేదంటే తప్పు లేనట్టే.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి పంపే రిపోర్టు చైతన్య గారు ముందే టైపు చేసి ఉంచారు. "పరీక్షలో సాఫ్ట్‌వేర్ లోపం కనబడలేదు." కింద నా పేరు, నాగజ్యోతి, సీనియర్ ఇంజినీరు. సంతకం పెట్టాను. అబద్ధం కాదు. కనబడలేదు.

ఆయన పెన్ను జిడ్డుగా ఉంది. వచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

ఫిబ్రవరి 21

కర్రీ పాయింటు వంకాయ కూరలో వెంట్రుక. మొత్తం పారేశాను. సంతకం గురించి ఆలోచించడం లేదు.

ఫిబ్రవరి 24

అంకయ్య వచ్చాడు. బెయిలు ఇచ్చారట. వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే గేటు బయటే, కాలవ పక్కన, మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. చైతన్య గారు కిటికీలోంచి చూసి, ఇప్పుడు మాట్లాడితే కేసులో ఇరుక్కుంటాం, వెనక గేటు నుంచి వెళ్దామన్నారు. ఆయన వెళ్ళారు. నా చెప్పులు ముందు వరండాలో ఉండిపోయాయి కాబట్టి నేను ముందునుంచే వెళ్ళాల్సి వచ్చింది.

యాభై ఏళ్ళ మనిషి. స్టేషన్లో కొట్టినట్టున్నారు, ఎడం చెవి కమిలిపోయి ఉంది. చేతులు కట్టుకున్నాడు. చేతులు కట్టుకోవద్దని చెప్పాలనిపించింది, చెప్పలేదు.

"నేను వాల్వు ముట్టుకోలేదు మేడమ్. మీ పెట్టె మోగలేదు. మోగితే నేనే కదా ఎర్ర బటన్ నొక్కాల్సింది, నాకు వేరే పనేముందక్కడ?"

రిపోర్టు వెళ్ళిపోయిందని చెప్పాను.

"అందులో ఏం రాశారు?"

లోపం కనబడలేదని రాశామన్నాను. రాశానని అనలేదు.

ఆయన ఇంకో మాట అన్నాడు. మెషిన్ రూములో గ్యాసు ఒత్తిడి చూపే గేజి ముల్లు, జనం బయటికి పరిగెత్తడానికి పావుగంట ముందునుంచే కిందికి జారుతోందట. చూసి మా పెట్టె తెర వంక తిరిగితే పద్దెనిమిది ఉందట. తెర మంచిగా ఉంది కదా, ముల్లే పాతబడిందనుకున్నాడట. "ఆ పెట్టె మీద నంబరు మూడంకెలు కావడం ఇంతవరకూ నేను చూడలేదు మేడమ్. మూడంకెలు వస్తయ్యా దాంట్లో?" అని అడిగాడు.

ఎందుకు రావు అన్నాను. ఆటో ఎక్కాను. ఆటో నిండా మిరపగింజలు, సీటు మీద, తొడలకింద. రోత పుట్టింది.

ఫిబ్రవరి 26

నా లాప్‌టాప్ కీబోర్డు చచ్చిపోయింది. రిపేరుకిచ్చాను. రిసెప్షన్లో పడున్న పాత లాప్‌టాప్ తీసుకున్నాను. కీల మధ్య ఎవరో తిన్న మరమరాలు. తుడిచి, డీబగ్గర్ ఎక్కించి, బోర్డుకి తగిలించాను.

బోర్డు ఆన్ చేయగానే డీబగ్గర్ ఐదారుసార్లు ఊరికే ఆగింది. పాత వెర్షను, చాదస్తం ఎక్కువ. ఆగినప్పుడల్లా ముందుకు పొమ్మని కొట్టుకుంటూ పోయాను.

తర్వాత, అంకయ్య అడిగాడు కాబట్టే, సెన్సరు బదులు నేనే నంబర్లు పంపాను. పది. ఇరవై. డెబ్బై. తొంభై తొమ్మిది. అన్నీ సరిగ్గా చూపించింది. ఒకటి సున్నా సున్నా పంపాను.

డీబగ్గర్ ఆగింది. "బస్ ఎర్రర్" అంది.

ముందుకు పొమ్మని కొట్టాను. ప్రోగ్రాము పడిపోవాలి. పడిపోలేదు. నడుస్తూనే ఉంది. తెర మీద తొంభై తొమ్మిది. ఈసారి ఆ స్టోరేజీలో మామూలుగా ఉండే గాలిలా పద్దెనిమిది పంపి, వెంటనే మూడొందలు పంపాను. తెర మీద పద్దెనిమిది. ఎనిమిదొందలు పంపాను. పద్దెనిమిది. సైరన్ లేదు.

అన్నీ ఆపేసి, బల్ల మీద రాలిన మరమరాలు తుడిచాను.

ఫిబ్రవరి 27

నా లాప్‌టాప్ మీద డీబగ్గర్ ఇన్నాళ్ళూ ఎందుకు ఆగలేదో తెలిసింది. వెర్షన్లు వేరు. కొత్తది తెలివైనది, ప్రతిదానికీ ఆగదు. అంతే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 28

ఇన్‌స్పెక్టరుకి తెలుగులో రాసివ్వాలి. ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

సెన్సరు నుంచి నంబరు అక్షరాలుగా వస్తుంది. ఒక అంకె ఉంటే ముందు సున్నా చేరి రెండవుతుంది. రెండంకెలైతే వెనక వచ్చే సమాచారం ఒక చోట మొదలవుతుంది, మూడంకెలైతే ఒక అడుగు జరుగుతుంది. నా లాప్‌టాప్‌లోని ప్రాసెసర్ సమాచారం ఏ చోట మొదలైనా చదివేస్తుంది. బోర్డు మీద ఉన్నది చౌక రకం, జరిగిన చోటునుంచి చదవమంటే చదవలేదు. అప్పుడు ఆపరేటింగ్ సిస్టం ప్రోగ్రాముకి బస్ ఎర్రర్ అనే సిగ్నల్ పంపుతుంది, నువ్వు చేయకూడని పని చేశావని. ఆ సిగ్నల్ అందుకున్న ప్రోగ్రాము మామూలుగా అక్కడే చచ్చిపోతుంది. చచ్చిపోతే తెర ఆరిపోతుంది, తెర ఆరితే మనుషులు బయటికి పరిగెడతారు. అది మంచి చావు.

మా ప్రోగ్రాము చావదు. ఎందుకంటే ఎవరో ఆ సిగ్నల్ వస్తే ఏం చేయాలో నాలుగు లైన్లు రాసిపెట్టారు. ఏమీ చేయొద్దు, ఇప్పుడొచ్చిన రీడింగు వదిలేయి, ఇంతకుముందుదే చూపించు.

అంటే గ్యాసు వంద దాటిన క్షణంలో మా పెట్టె కళ్ళు మూసుకుని పాత మాటే చెబుతూ ఉంటుంది. మెల్లగా పెరిగితే పాతిక దగ్గర మోగేది. శనివారం పైపు అతుకులో గాస్కెట్టు పగిలి ఉంటుంది. పది సెకన్లలో పద్దెనిమిది నుంచి మూడంకెలకి. తర్వాత ఇరవై రెండు నిమిషాలు. అవతల ముప్పై అడుగుల్లో ఆవిడ గోతాలు కుడుతోంది.

ఎవరో కాదు. నాలుగు లైన్ల పైన చైతన్య గారి పేరు, తేదీ ఉన్నాయి. నాకు డీబగ్గర్ పట్టుకోవడం నేర్పిందే ఆయన. తొమ్మిదేళ్ళ కిందట హైదరాబాదులో ఒక సాయంత్రం పక్కన కూర్చుని, సిగ్నల్ అంటే ప్రోగ్రాము పెట్టే కేక అమ్మా, ముందు విను, తర్వాత మిగతాది అని చెప్పిన మనిషి. అదే మనిషి ఆ కేక పెట్టే నోట్లో గుడ్డ కుక్కాడు.

వెళ్ళి అడిగాను. గదిలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నారు. లాప్‌టాప్ ముందు పెట్టి మూడొందలు పంపి చూపించాను. ఆశ్చర్యపోలేదు.

"బోర్డు మార్చాం కదా అప్పుడు," అన్నారు. "పాత బోర్డు మీద బాగానే ఉండేది. కొత్తదాని మీద ఊరికే పడిపోయేది. సీజను నెత్తి మీద ఉంది, ఇవ్వకపోతే ఎవడూ మళ్ళీ పిలవడు. తాత్కాలికంగా పెట్టాను. తర్వాత మర్చిపోయాను."

ఇది కాక పదకొండు చోట్ల ఇదే పెట్టె ఉంది. వాళ్ళకి ఇప్పుడే చెప్పాలన్నాను. ఏప్రిల్‌లో సరుకు దిగిపోయాక అప్‌డేట్ పంపుదాం, ఇప్పుడు చెబితే కంపెనీ ఉండదు, నువ్వూ ఉండవు అన్నారు. అంకయ్య సంగతేంటని అడిగాను. అలాంటి కేసులు నిలబడవులే అన్నారు. తీసిన గోళ్ళు రిపోర్టు కాపీ మీద పడి ఉన్నాయి. ఊది కింద పడేశారు.

తలుపు దగ్గరికి వచ్చాక వెనకనుంచి మెల్లగా అన్నారు.

"జ్యోతీ, రెండేళ్ళుగా ఈ ప్రోగ్రాముని డీబగ్ చేసింది నువ్వు. ఆ సిగ్నల్ నీ డీబగ్గర్‌కి ఒక్కసారి కూడా కనబడలేదా?"

సమాధానం చెప్పకుండా వచ్చేశాను. అలాంటి మనిషికి సమాధానమేంటి.

ఫిబ్రవరి 29

రిపేరునుంచి నా లాప్‌టాప్ వచ్చింది. తెరవలేదు.

మార్చి 1

తెరవలేదు. తలనొప్పి.

గదంతా కడిగాను. ఫ్యాను రెక్కలు కూడా.

మార్చి 2

తెరిచాను.

డీబగ్గర్ ప్రతి సిగ్నల్ గురించీ మూడు ప్రశ్నలు వేసుకుంటుంది. ఆగాలా, చెప్పాలా, ప్రోగ్రాముకి అందించాలా. మనం ఏమీ చెప్పకపోతే ఇలాంటి సిగ్నల్‌కి ఆగుతుంది, చెబుతుంది, అందిస్తుంది. వద్దనుకుంటే మార్చుకోవచ్చు. డీబగ్గర్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైలు ఒకటి ఉంటుంది, అందులో ఒక లైను రాస్తే చాలు. ఆ ఫైలు ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ళకే ఉంటుంది. ఎవరికి వాళ్ళే రాసుకుంటారు.

నా ఫైలులో ఆ లైను ఉంది. బస్ ఎర్రర్ వస్తే ఆగకు, చెప్పకు, అందించు. పక్కన నేను రాసుకున్న ఒక మాట కూడా ఉంది. "విసుగు."

రెండేళ్ళ కిందటి తేదీ. నాకు గుర్తుంది. ఇరవయ్యేడో తేదీన వెర్షన్లు వేరని రాసుకున్నప్పుడు కూడా గుర్తుంది. కొత్త బోర్డు ఆన్ కాగానే సెన్సరుతో పాటు వచ్చిన ప్రోగ్రాము హార్డ్‌వేరు ఎక్కడెక్కడుందో తడుముకుంటూ ఐదారుసార్లు ఆ సిగ్నల్ తెప్పించేది. ప్రతిసారీ డీబగ్గర్ ఆగేది, ప్రతిసారీ నేను ముందుకు పొమ్మని కొట్టేదాన్ని. మూడో రోజు విసుగొచ్చి ఆ లైను రాశాను. హాయిగా ఉండింది. మొన్న పాత లాప్‌టాప్ మీద ఆగినవి ఆ ఐదారుసార్లే. దానికి చాదస్తమని పేరు పెట్టాను.

ఇంకొకటి ఉంది. రాయాలి.

పొన్నూరు పాల కేంద్రంలో పెట్టె బిగించిన రోజు అందరి ముందూ అమోనియా సీసా మూత తీసి సెన్సరుకి మెల్లగా దగ్గర పెట్టాను. నలభై, అరవై, ఎనభై. సైరన్ మోగింది, అందరూ చప్పట్లు కొట్టారు. నంబరు తొంభై ఆరు దగ్గర ఆగింది. సీసా ఇంకా దగ్గరికి తీసుకెళ్ళినా కదల్లేదు. నా లాప్‌టాప్ అప్పుడు బోర్డుకే తగిలించి ఉంది, డీబగ్గర్ నడుస్తోంది. ఆ లైను లేకపోతే అది అప్పుడే ఆగి, చెప్పి ఉండేది. అది ఊరుకుంది. నేను సెన్సరు అంతవరకే కొలుస్తుందేమో అనుకుని సీసాకి మూత పెట్టాను. వాళ్ళు జున్ను పెట్టారు, తిన్నాను.

తొంభై ఆరు దగ్గర ఆగడం నాకు వింతగా అనిపించింది. అనిపించలేదని ఇన్ని రోజులు చెప్పుకున్నాను. అనిపించింది. మధ్యాహ్నం ఎండలో మళ్ళీ అన్నీ విప్పాలంటే చిరాకేసింది.

చైతన్య గారి గోళ్ళు, వీరాంజనేయులు నూనె చేతులు. పది రోజులుగా ఈ పుస్తకంలో వాళ్ళని చూసి అసహ్యించుకుంటూ నేను శుభ్రంగా ఉన్నాను.

మార్చి 4

ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి బోర్డు, పాత లాప్‌టాప్, అమోనియా సీసా పట్టుకెళ్ళాను. ఆయన, ఆయన గుమాస్తా, నేను. ముందు మాటల్లో చెప్పాను. ఆయన ఫైలు మీదే చూపు పెట్టి, సంతకం చేసిన రిపోర్టు మీదే కదండీ, ఇప్పుడు మీరే కాదంటే ఎలా అన్నారు. వచ్చే వారం రమ్మన్నారు.

మూత తీసి సీసా మూతిని సెన్సరుకి ఆనించాను.

ముందు గుమాస్తా లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఇన్‌స్పెక్టరు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ముగ్గురికీ కళ్ళలో నీళ్ళు ధారలు. తెర మీద రెండు ఉంది. రెండే ఉంది. ఆయన తుడుచుకుని మళ్ళీ చూశారు. అప్పటికీ రెండే.

సీసా మూసి తలుపులు తీశాక ఆయన గొంతు మారింది. కాగితం తీసుకుని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. సిగ్నల్‌ని మింగే నాలుగు లైన్లు ఎవరు రాశారో చెప్పాను. సెట్టింగుల ఫైలు ప్రింటు కూడా ముందు పెట్టాను. ఆయన అడగలేదు. అది లేకపోయినా కేసు చైతన్య గారి మీదికి పోతుంది. దారంతా ఆ కాగితాన్ని సంచిలో ఉంచేద్దామనే అనుకున్నాను.

"ఈ లైను ఎవరిది?"

"నాదే."

"దీనివల్లేనా మీకు తెలియకుండా పోయింది?"

"తెలియకుండా ఉండటానికే రాసుకున్నానండి."

ఆయన పెన్ను ఆపి నా ముఖంలోకి చూశారు. కాకరకాయ కొరికినవాడి ముఖం. తర్వాత ఆ మాట కూడా రాసుకున్నారు.

మార్చి 5

ఉద్యోగం పోయింది. మెసేజిలో చెప్పారు. నా కప్పు అక్కడే ఉండిపోయింది, ఉండనీ.

మార్చి 7

ఇన్‌స్పెక్టరు మనుషులు బైపాస్ స్టోరేజీకి వెళ్ళారట. నూనె వాల్వు సీలు వేసినట్టే ఉంది, గాస్కెట్టే పగిలింది. అంకయ్య మీద కేసు తీసేస్తారని గుమాస్తా ఫోన్లో చెప్పాడు. అంకయ్యకి ఫోను చేశాను. విన్నాడు. "సరేనండి" అన్నాడు. పెట్టేశాడు. ఇంకేదో అంటాడని అనుకున్నాను, ఏమనుకున్నానో తెలిసి నా మీద నాకే కంపరం పుట్టింది.

మిగతా పదకొండు చోట్లకీ కాగితాలు పోస్టులో వెళ్తాయట. పోస్టు ఎప్పుడు చేరుతుందో. నేనే ఒక్కొక్కరికీ ఫోను చేసి పెట్టె నమ్మవద్దని చెప్పాను. పొన్నూరు వాళ్ళు గంటలో విప్పేశారు. గుంటూరు చుట్టుపక్కల ఏడు చోట్లా, ఒంగోలులోనూ విప్పేశారు, ఇద్దరు తిట్టారు. మొత్తం తొమ్మిది. దర్శి కోల్డ్ స్టోరేజీ ఓనరు ఫోను ఎత్తడు. సింగరాయకొండ ఐసు ఫ్యాక్టరీలో నాగూర్ వలి అనే అతను ఎత్తాడు. ఓనరు చెప్పకుండా వైరు పీకితే ఉద్యోగం పోతుందన్నాడు. ఓనరు నంబరు ఇచ్చాడు. అది మోగుతూనే ఉంది.

ప్రయత్నించాను. చేయగలిగింది చేశాను.

మార్చి 8

మళ్ళీ ఫోను చేశాను. ఎత్తలేదు. చేయగలిగింది చేశాను.

మార్చి 9

పెద్దాసుపత్రి కంటి వార్డుకి వెళ్ళాను. పదిహేను రోజులుగా వెళ్ళాలనుకుంటున్నాను. ఫినాయిలు, కమలాపండు తొక్కలు, మంచాల కింద చెప్పులు. రెబ్కా పదకొండో మంచం. అనుకున్నదానికంటే చిన్నది, నలభై ఉంటాయేమో. రెండు కళ్ళకీ కట్లు. ఆవిడ అక్క శాంతి పక్కన కూర్చుని ఇడ్లీ తుంచి నోట్లో పెడుతోంది. కుడి కన్ను పోయినట్టే, ఎడమదానికి కొంచెం వెలుతురు తెలుస్తుందేమో చూడాలన్నారట.

నేనెవరో చెప్పాను. ఆ పెట్టె చేసినవాళ్ళలో ఒకదాన్ననీ, అది ఎందుకు మోగలేదో, ఎవరెవరు ఏం చేశారో, నేనేం చేశానో, సిగ్నల్ మాట తీసుకురాకుండా మొత్తం చెప్పాను. శాంతి ఇడ్లీ ప్లేటు కింద పెట్టేసింది. ఆవిడ తిడుతుందనుకున్నాను, తిట్టాలని కూడా అనుకున్నాను. తిట్టలేదు, నా వైపు చూడటం మానేసింది.

రెబ్కా కట్ల ముఖం నా గొంతు వైపు తిప్పింది.

"వాసనొస్తందని చెప్పానమ్మా నేను. రెండు తడవలు చెప్పా. వీరాంజనేయులు గారు గదిలోంచే తెర చూపించాడు. పద్దెనిమిదే ఉంది, మిర్చి ఘాటుకి అట్టా అనిపిస్తంది, పోయి పని చూసుకో అన్నాడు. నాకూ నిజమేననిపించింది. మిషను చెబుతుంటే నా ముక్కుదేముంది అనుకుని లోపలికి పోయా."

ఇన్ని రోజులూ ఆవిడ తెలియక లోపల ఉండిపోయిందనే అనుకున్నాను. తెలుసు. ఆవిడకి తెలిసిన దాన్ని మా పెట్టె అబద్ధం చేసింది.

క్షమించమని అడుగుదామని వచ్చాను. ఆ మాట నాలుక మీద ఉంది. అడిగితే ఆవిడ ఏదో ఒకటి అనాల్సి వస్తుంది, నా కోసం. అది కూడా ఆవిడ చేతే చేయించాలా. మింగేశాను.

ఆవిడే అడిగింది.

"ఆ పెట్టెలు ఇంకెక్కడన్నా ఉన్నయ్యా?"

పదకొండు ఉన్నాయన్నాను. తొమ్మిది తీయించానన్నాను.

"తతిమ్మా రెండు?"

దర్శిలో ఒకటి, సింగరాయకొండలో ఒకటి. ఓనర్లు ఫోను ఎత్తడం లేదన్నాను. కాగితాలు వెళ్తున్నాయన్నాను. రోజుకి రెండుసార్లు చేస్తున్నానన్నాను.

"అక్కడ లోపల మనుషులు పనిచేస్తన్నారా ఇప్పుడు?"

"చేస్తున్నారు."

"మరి మీరిక్కడెందుకు కూర్చున్నారు?"

కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

లేచాను. శాంతి పక్కకి జరిగి దారిచ్చింది. కిందికి దిగి, ఆసుపత్రి ఎదుటి హార్డ్‌వేర్ షాపులో వైర్లు కత్తిరించే పట్టకారు ఒకటి కొన్నాను.

ఇది దర్శి బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా పోతున్నాయి. చిలకలూరిపేట దాటాం. పక్కసీటులో ఒకామె పత్తి మూట ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది, తల నా భుజం మీదికి జారింది. తీయలేదు. కండక్టరు అద్దంకిలో అరగంట ఆగుతుందన్నాడు. అక్కడ దిగి, దర్శికైనా సింగరాయకొండ వైపుకైనా, ముందు ఏది బయల్దేరితే అది ఎక్కుతాను.